బిళ్ళ కింద గ్రీజు

కాదు మామా, నువ్వు తల ఆడించమాక. డాక్టరు ఏం చెప్పాడు? మెడ కదపొద్దన్నాడు. గొంతు అసలే వాడొద్దన్నాడు. సున్నం పోయిన గొంతు అది. గుటక వేస్తేనే నిప్పు మింగినట్టుంటే ఇంక మాటెట్టా వస్తది? నేను మాట్లాడతా, నువ్వు విను. అవునంటే నా చెయ్యి నొక్కు. కాదంటే వదిలెయ్. అంతే.

ఏంది, నవ్వుతున్నావా? కళ్ళకు కట్టుంటే మాత్రం బుగ్గ కదలటం నాకు కనపడదా? "గోపిగాడు పక్కనుంటే నాకు నోరెందుకు" అనేగా? అనుకో. ఇయ్యాళ నీ నోరు నేనే.

ఇన్‌స్పెక్టరు వస్తన్నాడు మామా. పోలీసు కాదు, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు. ఇంకాసేపట్లో ఈ మంచం పక్కనే నిలబడి, ఏం జరిగిందో చెప్పమంటాడు. కింద గేటు దగ్గర మనోళ్ళంతా ఉన్నారు. షిఫ్టు దిగి ఇళ్ళకు కూడా పోకుండా పిడుగురాళ్ళ నుంచి ఇక్కడికి, నరసరావుపేటకు, వచ్చి కూర్చున్నారు. నాగులు మామ కోసం. వాళ్ళందరికీ తెలిసింది ఒకటే. కంపెనీ కావాలని మిషన్ ఆపేసింది, నిన్ను చావుకి పంపింది. ఎవరు చెప్పారంటావా? నేనే చెప్పా.

నొక్కావేంది? అవునన్నట్టా, ఆపమన్నట్టా?

సరే, మొదట్నుంచీ చెప్తా. ఇన్‌స్పెక్టరు ముందు నేను తడబడకూడదు. ఎక్కడన్నా తప్పు చెప్తే చెయ్యి వదిలెయ్.

మా ఫ్యాక్టరీలో సున్నం పొడి నిలవ చేసే సైలో ఉంది సార్, అంటా. మూడంతస్తుల మేడంత ఇనప గాదె. వానలప్పుడు చెమ్మ తగిలిందంటే లోపల పొడి గడ్డ కడతది. కింద నుంచి చిటికెడు కూడా రాలదు, పైన మాత్రం కప్పులాగా బిగుసుకుని నిలబడిపోతది. అప్పుడు మా మామ నడుముకు మోకు కట్టుకుని పైనుంచి దిగేవాడు. గునపంతో పొడిచేవాడు. కాలి కింద గడ్డ ఎప్పుడు విరిగిద్దో దేవుడికి తెలియాలి. పైకొచ్చాక కనుబొమలు కూడా తెల్లగా ఉండేవి.

ఇదిగో, ఈ కష్టం మాన్పిస్తామంటూ ఆ బిళ్ళలు తెచ్చారు. సైలోకి ఈ పక్కొకటి, ఆ పక్కొకటి, అరచెయ్యంత బిళ్ళలు. ఈ బిళ్ళ శబ్దం వదులుతదంట, ఆ బిళ్ళ పట్టుకుంటదంట. అల్ట్రాసౌండ్. పొడి వదులుగా ఉంటే శబ్దం దాంట్లోనే ఇంకిపోతది. గడ్డ కడితే గట్టిగా అవతలికి దాటుతది. దాటితే కంట్రోల్ రూములో తెర ఎర్రగా వెలుగుతది, దాటకపోతే ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉంటేనే సైలో కింద తలుపు తెరవాలి. ఎర్రగా ఉంటే ఎవ్వడూ దరిదాపులకు పోకూడదు. ఇదీ రూలు.

మనిషి చెవికి వినపడని శబ్దమంట! నువ్వే చెప్పు మామా, వినపడని దాన్ని ఎట్టా నమ్మాలి?

నాకు మొదట్నుంచీ అనుమానమే. ఆ బిళ్ళలు ఎక్కడ బిగించారు? సరిగ్గా మనం కూర్చుని అన్నం తినే నీడలో. మనిషి తల ఎత్తున. మన కార్మిక సంఘం సంగతులు మాట్లాడుకునేది అక్కడేగా? వినటానికి కాకపోతే అక్కడెందుకు? వాళ్ళు గడ్డల గురించి ఎప్పుడన్నా బాధపడ్డారా? ఇన్నేళ్ళు నువ్వు మోకు కట్టుకుని దిగుతుంటే ఎవడికన్నా నిద్ర పట్టలేదా? ఉన్నట్టుండి ఇంత ప్రేమ ఎందుకొచ్చిందంట? అందుకే కరపత్రం వేశా. "ఇనుముకు చెవులు మొలిచాయి! శ్రమజీవులారా, మీ మాటకు కాపలా కాయండి!" నువ్వు దాంట్లో మిరపకాయ బజ్జీలు పెట్టుకుని తిన్నావు. చూశా. ఊరుకున్నా.

మన షిఫ్టు సల్మాన్ చూడు, వాడు నాకన్నా ఘనుడు. బిళ్ళ దగ్గర నోరు పెట్టి మేనేజరును అమ్మనాబూతులు తిట్టాడు, వినపడిద్దో లేదో చూద్దామని. మర్నాడు మేనేజరు ఎదురుపడి, "ఏం సల్మాన్, బాగున్నావా" అని నవ్వాడంట. అంతే, దొరికిపోయారనుకున్నా. వినకపోతే ఎందుకు నవ్వుతాడు? ఏనాడన్నా నవ్వాడా ఆ మనిషి?

బుగ్గ మళ్ళీ కదిలింది. నవ్వు మామా, నవ్వు. ఈ దేశంలో అనుమానపడే వాడు పిచ్చోడు, నమ్మేవాడు మాత్రం ఆసుపత్రి పాలు.

ఇంక మొన్నటి సంగతి. దసరా వెళ్ళిన వారం. రెండ్రోజులుగా ముసురు. పొడి రావటం ఆగింది. సూపర్‌వైజరు గోపాలకృష్ణయ్య కంట్రోల్ రూముకి ఫోన్ చేశాడు. "ఆకుపచ్చే ఉందండీ" అన్నారు. అంటే గడ్డ లేదు. అంటే కింద మూతి దగ్గర గోనె ముక్కో, తాడో అడ్డం పడి ఉంటది. "నాగులూ, కింద తలుపు తీసి చూడవయ్యా" అన్నాడు. నువ్వు తీశావు. కరెక్టేనా? ఆ, నొక్కావు.

పైన గడ్డ ఉంది. పందిరిలాగా నిలబడి ఉంది. నువ్వు తలుపు తీసిన అదురుకి మొత్తం ఒక్కసారిగా కూలింది. సల్మాన్ నీ కాళ్ళు పట్టుకుని లాగకపోతే...

వద్దులే. నీళ్ళు కావాలా? పెదాలు తడిపి ఊరుకుంటా. ఆ.

ఇప్పుడు అసలు ప్రశ్న. గడ్డ ఉంటే తెర ఆకుపచ్చగా ఎట్టా ఉంది? ఆపేశారు కాబట్టి. ఎర్రలైటు వెలిగితే పని ఆగిద్ది, లారీలు ఆగుతయ్యి, సరుకు ఆగిద్ది. అందుకని మిషన్ నోరు నొక్కేశారు. లాభం ముందు మనిషి ప్రాణం గడ్డిపోచ. గేటు ముందు బల్ల ఎక్కి ఇదే చెప్పా. ఎన్ని చప్పట్లనుకున్నావు! బుజ్జమ్మత్త ఏడుస్తా కూడా చప్పట్లు కొట్టింది.

అప్పుడొచ్చింది ఆ అమ్మాయి. నీలిమ. తెలుసుగా, బిళ్ళలు బిగించిన ఇంజినీరు. క్రోసూరు పిల్ల. నీకొకసారి మంచినీళ్ళ సీసా ఇచ్చింది, నువ్వు "సల్లగుండు తల్లీ" అన్నావు. కంపెనీ దొరికిందే చాలన్నట్టు నెపమంతా ఆ పిల్ల మీదికే తోసిందంట. సరిగ్గా బిగించలేదు, చూసుకోలేదు, తప్పంతా ఆమెదేనంట. నేనూ తక్కువేం అనలేదులే. అమ్ముడుపోయిన చదువు అన్నా. యజమాని గుమ్మం ముందు తోకాడించే ఇంజినీరింగు అన్నా.

ఆ పిల్ల జనంలోకి వచ్చి నిలబడింది. "మిషన్ ఎవరూ ఆపలేదండీ. బిళ్ళ కింద తెల్ల గ్రీజు ఉండాలి. దాన్ని ఎవరో శుభ్రంగా తుడిచేశారు. బిళ్ళకీ ఇనుముకీ మధ్య గాలి చేరింది. శబ్దం సైలోలోకి పోనే పోలేదు. పోకపోతే అవతలికి దాటదు. దాటకపోతే ఎప్పుడూ ఆకుపచ్చే చూపిస్తుంది" అంది.

ఎవరో తుడిచారంట! గ్రీజు తుడిస్తే మనుషులు చస్తారా? నేను వదిలానా? పగలబడి నవ్వా. ఆ పిల్ల నా వంక చూసి, "కడుపుతో ఉన్నవాళ్ళకు స్కానింగ్ చేసేటప్పుడు పొట్ట మీద జెల్ ఎందుకు రాస్తారండీ? ఇదీ అంతే" అంది.

"అయితే మా సైలోకి ఎన్నో నెల మేడం?" అన్నా.

అబ్బో, ఎంత నవ్వారనుకున్నావు మామా! ఈలలు. ఎవడో "సీమంతం ఎప్పుడు" అని అరిచాడు. ఆ పిల్ల అట్టాగే నిలబడింది. కళ్ళ నిండా నీళ్ళు, కానీ కదల్లేదు. "ఎవరు తుడిచారో కనుక్కోండి, నా కోసం కాదు, ఇంకో మనిషి చావకుండా" అని వెళ్ళిపోయింది.

ఇయ్యాళ ఆ పిల్లనీ తీసుకొస్తున్నారంట ఇన్‌స్పెక్టరుతో పాటు. నువ్వు ఒక్కసారి, కంపెనీ మిషన్ ఆపేసింది అన్నదానికి అవునని నా చెయ్యి నొక్కావనుకో, ఆ పిల్ల మాట అబద్ధమని తేలిపోద్ది, ఆమె ఉద్యోగం అక్కడికక్కడే...

ఏంది మామా, చెయ్యి వదిలేశావు?

ఆపలేదా? నీకెట్టా తెలుసు? నువ్వు కంట్రోల్ రూములో లేవుగా. సరే, ఆపలేదు అనుకుందాం. ఆ పిల్ల చెప్పిందే నిజం, గ్రీజు తుడిచారు అనుకుందాం. ఎవరు తుడిచారు? మేనేజరా? వదిలేశావు. గోపాలకృష్ణయ్యా? కాదు. సెక్యూరిటీవాళ్ళా? సాక్ష్యం మాపటానికి, నువ్వు ఆసుపత్రికి వచ్చాక ఎవడన్నా...

ఏంది, గుండె మీద చెయ్యి పెట్టుకుంటున్నావు? నొప్పిగా ఉందా? సిస్టర్ని పిలవనా? సిస్టర్! కాదా? నొప్పి కాదా? మరేంది?

నుదురా? నుదుటి మీద వేలు పెట్టి ఏం చూపిస్తున్నావు?

తలరాత అంటావా.

అబ్బా, మామా! అదే, అదే మన రోగం! సున్నం మీద పడితే తలరాత. జీతం తెగితే తలరాత. వాడు ఏసీలో కూర్చుంటే వాడి తలరాత, నువ్వు మోకు కట్టుకుని దిగితే నీ తలరాత. తరతరాలుగా మన నుదుటి మీద వాళ్ళు రాస్తూ పోతున్నారు, మనం తుడుచుకోవటం కూడా నేర్చుకోలేదు! నుదుటి రాతను నమ్మేవాడు పిడికిలి బిగించలేడు మామా. ఎన్నిసార్లు చెప్పా నీకు? ప్రతి పండక్కీ చెప్పా. మొన్న దసరాకి కూడా చెప్పానా లేదా? ఇనుముకు మొక్కటం ఆపి, ఇనుమును నడిపించే మనిషిని...

ఉండు, ఉండు. చెయ్యి ఎందుకు గుంజుతున్నావు? దుప్పటి మీద ఏంది ఆ రుద్దుడు? ఇటూ అటూ. గట్టిగా రుద్ది... మళ్ళీ నుదురు. ఒకటి. రెండు. మూడు. మూడు చుక్కలు. మళ్ళీ రుద్దుడు. మళ్ళీ మూడు చుక్కలు.

బొట్టా?

మామా, బొట్టా అది?

ఆయుధపూజ.

నొక్కమాక. నొక్కమాక మామా, ఒక్క నిమిషం ఉండు, నన్ను ఆలోచించుకోనీ.

మిషన్లన్నీ కడిగి, తుడిచి, పసుపు రాసి, బొట్లు పెట్టే రోజు. సైలో ఎప్పుడూ నీ వంతే. ఏటా నువ్వే. మురికి మీద బొట్టు పెడితే దోషమంటావు, అవునా? గ్రీజు మరక కనపడితే కిరసనాయిలు గుడ్డ పెట్టి తోమేదాకా నీకు నిద్ర పట్టదు. ఆ బిళ్ళలు కూడా మిషనేగా. కొత్తగా వచ్చిన మిషను. దానికీ పూజ చెయ్యాలిగా.

మర ఊడదీశావా? అవును. అటు వైపూ ఇటు వైపూ కారిపోయి మెరుస్తున్న తెల్ల గ్రీజంతా తుడిచావా? అవును. మెరిసేదాకా తుడిచి, మళ్ళీ బిగించావు. గట్టిగా బిగించావు, వదులుంటే పడిపోద్దని. పైన మూడు బొట్లు పెట్టావు.

నేను చూశా మామా ఆ బొట్లు. నిన్న గేటు దగ్గర మాట్లాడి లోపలికి వెళ్ళా. బిళ్ళల మీద పసుపూ కుంకమా చూసి నవ్వుకున్నా. అల్ట్రాసౌండ్‌కి బొట్టంట, మా వాళ్ళు మారరు అనుకున్నా. అంతే. ఇంకొక్క అడుగు ముందుకు ఆలోచించలేదు.

పూజ రోజు నేను రాలేదుగా. మూఢనమ్మకాన్ని బహిష్కరిస్తున్నా అని చెప్పి, బయట టీ కొట్టు దగ్గర కూర్చుని కరపత్రాలు పంచుతున్నా. వచ్చుంటే నీ పక్కనే ఉండేవాణ్ణి.

ఆ పిల్ల చెప్పింది అక్షరం అక్షరం నిజం అన్నమాట.

నువ్వెందుకు ఏడుస్తున్నావు? కట్టు తడవకూడదు మామా, కళ్ళకు మంచిది కాదు. ఏడవమాక. ఇది నీ తప్పా? దేవుడి పటం తుడిచినంత శ్రద్ధగా తుడిచావు. తుడవకూడదని నీకెవరు చెప్పారు?

చూడు, ఒక మాట చెప్తా, కోప్పడమాక. ఈ సంగతి బయటికొస్తే కంపెనీవాడు ఏం చేస్తాడో తెలుసుగా? "మా తప్పేమీ లేదు, వాడే పాడు చేశాడు, వాడి మీదే పడింది" అంటాడు. చేతులు దులుపుకుంటాడు. కళ్ళు వస్తయ్యో రావో తెలియని మనిషివి, నిన్ను దోషిని చేస్తారు. బుజ్జమ్మత్త ఏమైపోవాలి? నువ్వు ఎట్టాగూ మాట్లాడలేవు. నాకు తప్ప ఎవరికీ తెలీదు. నేను నోరు తెరవకపోతే ఇది ఈ మంచం దాటి పోదు. ఆ నీలిమకు చదువుంది, ఇంకో ఉద్యోగం దొరుకుద్ది. ఆమెది మన వర్గం కాదు మామా. చరిత్రలో కొన్నిసార్లు...

వదిలేశావు.

చెయ్యి ఇటివ్వు. ఇవ్వు మామా. మొహం అటు తిప్పుకోమాక, మెడ కదపొద్దన్నారు.

సరే. సరే, అంటన్నాగా.

నీకు ఒకటి చెప్పాలి. కళ్ళకు కట్టున్నప్పుడే చెప్తా, తర్వాత చెప్పలేను. మొన్న సల్మాన్ ఫోన్ చేసి "నాగులు మామ మీద సైలో కూలింది" అన్నాడే, అప్పుడు నాకు ముందు ఏడుపు రాలేదు. "తెర ఆకుపచ్చగానే ఉందంట" అన్నాడు వాడు. నాకు ముందు ఏమనిపించిందో తెలుసా? "చెప్పానా!" అనిపించింది. లోపల ఎక్కడో ఒక సంతోషం. నేను అనుమానపడ్డది నిజమైందని. ఒక్క క్షణమేలే. ఆ తర్వాతే నువ్వు గుర్తొచ్చావు. పుట్టిన ఊళ్ళో నాకు పుస్తకం కొనిపెట్టే దిక్కు లేకపోతే, సున్నం బస్తాలు మోసి నన్ను డిగ్రీ చదివించిన మనిషివి, నువ్వు ఆ సంతోషం తర్వాత గుర్తొచ్చావు.

నొక్కమాక. ఓదార్చమాక నన్ను.

మెట్ల మీద బూట్ల చప్పుడు. వస్తన్నారు. ఆ వెనక నీలిమ. మొహం పీక్కుపోయింది. రాత్రి నిద్రపోయినట్టు లేదు. నా వంక చూడట్లేదు.

నమస్కారం సార్. రండి. ఈయనే నాగులు, మా మామ. ఈయన మాట్లాడలేరు, నేను చెప్తా. కూర్చోండి. మీరు కూడా కూర్చోండి మేడం.

రాసుకుంటారా? రాసుకోండి. మిషన్ ఎవరూ ఆపలేదు. బిళ్ళల కింద గ్రీజు దసరా పూజకు తుడిచేశారు. తుడిచింది మా మామ. మేడం చెప్పింది నిజం. కింద జనానికి నేను చెప్పింది అబద్ధం. ఇప్పుడే దిగి వాళ్ళకూ చెప్తా. సైలోకి ఎన్నో నెల అని నవ్వించానే, అదే బల్ల ఎక్కి చెప్తా.

ఆగండి సార్, పెన్ను మూయమాకండి. తుడిచింది ఆయన కాబట్టి తప్పు ఆయనదని రాసేస్తే కుదరదు. తుడవకూడదని ఆయనకు తెలీదు. ఎందుకు తెలీదంటారా? ఈ మేడం బిళ్ళలు బిగించిన రోజు, పనివాళ్ళందర్నీ కూర్చోబెట్టి చెప్పబోయారు. గోడ మీద బొమ్మలు వేశారు, ఇంగ్లీషులో ఉన్నయ్యి. "యజమాని పాఠాలు మాకొద్దు" అని నేను లేచా. నా వెనక అందరూ లేచారు. మా మామ అప్పటికే ముందు వరసలో కూర్చున్నాడు, నేను రెక్క పట్టుకుని లేపుకొచ్చా. మేడం గుమ్మం దాకా వచ్చి "నేను తెలుగులోనే చెప్తానండీ, కూర్చోండి" అన్నారు. మేం నినాదాలిస్తున్నాం, వినపడలేదు. వినపడింది సార్. వినపడింది, నేనే గొంతు పెంచా.

ఇది నా తప్పు. రాసుకోండి. మళ్ళీ ఇంకోసారి ఆ మీటింగు పెడదామని కంపెనీ ఒక్కరోజన్నా అనుకోలేదు, సున్నంలోకి దిగేది మేమైనా. "వాళ్ళకక్కర్లేదంట, వదిలెయ్యండి" అన్నారు. అది వాళ్ళ తప్పు. అది కూడా రాసుకోండి. రెండూ ఒకే కాగితం మీద రాయండి, వేరే వేరేగా వద్దు.

నా పేరా? గోపి.

ఏం రాశారో ఒకసారి పైకి చదవండి సార్. మా మామ వినాలి. ఏమనుకోమాకండి, మీ మీద కూడా నాకు నమ్మకం లేదు.